విశాలాక్షి గారు మార్చిన కాపలా

మా వీధిలో ఎవరో గోరింటాకు రుబ్బుతున్నారు. ఆ పచ్చి వాసన కిటికీలోంచి లోపలికి రాగానే కీబోర్డు మీద కదిలే ఎర్రటి వేళ్లు గుర్తొచ్చాయి. విశాలాక్షి గారు ఏటా ఆషాఢంలో రెండు చేతులా గోరింటాకు పండించుకుని ఆఫీసుకు వచ్చేవారు. విజయవాడలో మా డయాలసిస్ సెంటరు రికార్డులన్నీ ఆవిడ చేతి మీదుగానే నడిచేవి. నేను బడి ముఖం చూడలేదు. అమ్మ దగ్గరే చదువుకుని ప్రైవేటుగా పరీక్షలు రాశాను. ఇంటర్వ్యూలో ఆ సంగతి చెప్పి తల దించుకుంటే, "అయితే ఉద్యోగం మీ అమ్మగారికే ఇవ్వాలేమో" అని నవ్వి నన్ను తీసుకున్నారు. ఆ నవ్వు పెట్టిన అన్నమే నేటికీ తింటున్నాను.

ఒక ఏడాది ఎక్కడో రెండు దేశాల మధ్య యుద్ధం నడుస్తోంది. మా కంప్యూటర్లకు కాపలా కాసే యాంటీవైరస్ ఆ రెండింటిలో ఒక దేశపు కంపెనీది. దాన్ని వెంటనే తీసేయమని సెంటరు యజమాని అయిన డాక్టరు గారికి ఫోన్లో ఒకటే మెసేజీలు. ఇన్నేళ్లూ బాగానే కాసిందిగా, ఇప్పుడేమైందని నేనే విశాలాక్షి గారిని అడిగాను.

"తయారుచేసినవాళ్లు చెడ్డవాళ్లని నేననడం లేదమ్మాయ్. అది మన ప్రతి ఫైలూ తెరిచి చూస్తుంది. రేపు వాళ్ల ప్రభుత్వం గద్దిస్తే ఆ కంపెనీ కాదనగలదా? నాకు తెలీదు. తెలియనప్పుడు తాళాలగుత్తి వాళ్ల దగ్గర ఉంచడమెందుకు?"

దాని బదులు పెట్టబోయే కొత్తదీ పరాయి దేశానిదేగా అన్నాను. ఔనన్నారు. అందుకే దాన్నీ కళ్లు మూసుకుని నమ్మకూడదనీ, రికార్డుల కాపీ ఒకటి ఏ కంప్యూటరుకూ తగిలించకుండా బీరువాలో ఉండాలనీ చెప్పారు.

చిక్కు వేరేచోట వచ్చింది. పాతది ఈ పూటే పీకేద్దామనీ, ఆషాఢంలో కొత్తవి మొదలుపెట్టకూడదు కాబట్టి కొత్తది శ్రావణంలో మంచిరోజు చూసి పెట్టుకుందామనీ అకౌంట్లు చూసే ప్రసాద్ గారు అన్నారు. డాక్టరు గారు తలూపారు. అంటే శ్రావణం దాకా ఏ కాపలా లేకుండా. కంకిపాడు నుంచి, ఇబ్రహీంపట్నం నుంచి వచ్చే రోగుల్లో ఎవరికి ఏ మందు పడదో, ఎవరికి ఎంత నీరు తీయాలో అన్నీ ఆ కంప్యూటర్లలోనే ఉన్నాయి. విశాలాక్షి గారు ఎంత చెప్పినా, "మీకు ఇలాంటివి పట్టవు లెండి" అని ప్రసాద్ గారు ఎత్తిపొడిచారు. ఎర్రగా పండిన ఆ చేతులు ఎదురుగా కనిపిస్తుండగా ఆ మాట ఎలా అన్నారో మరి.

డాక్టరు గారు నావైపు తిరిగారు. "రోజూ పూజ చేసుకుని వస్తావుగా, నువ్వు చెప్పమ్మా."

అమ్మవారిని తలచుకున్నాను. "నవరాత్రుల్లో మా ఇంట్లో అఖండ దీపం పెడతామండీ. వత్తి మార్చాల్సి వస్తే కొత్త వత్తి వెలిగించాకే పాతది తీస్తాం. దానికి వేరే ముహూర్తం ఉండదండీ. దీపం ఆగకూడదు, అంతే."

ప్రసాద్ గారు గొంతు సవరించుకుని, "అలాగైతే దోషం లేదులెండి" అన్నారు.

డాక్టరు గారూ సరేననడంతో ఆ రోజే పని మొదలుపెట్టాం. ముందు కాపీ తీసి, అది సరిగ్గా తెరుచుకుంటోందో లేదో చూశాం. రెండు కాపలాలూ ఒకే కంప్యూటర్లో ఇమడవు కాబట్టి, కొత్తదాన్ని సిద్ధంగా పక్కన పెట్టుకుని, ఒక్కో కంప్యూటరుకూ నెట్ వైరు పీకి, పాతది తీసి, కొత్తది ఎక్కించాకే మళ్లీ వైరు తగిలించాం. శ్రావణం ఇంకా రాకముందే, మందుల బిల్లు పేరుతో వచ్చిన దొంగ మెయిలును ప్రసాద్ గారే తెరిచారు. కొత్త కాపలా దాన్ని గడపలోనే పట్టుకుంది. పై అంతస్తు స్కానింగ్ సెంటరువాళ్లు పాతది తీసేసి కొత్తదాని సంగతి వాయిదా వేశారట. అలాంటి మెయిలే తెరిచాక వాళ్ల ఫైలు ఒక్కటీ తెరుచుకోలేదు. మా దగ్గర ఒక్క రోగి కూడా వెనక్కి పోలేదు. ప్రసాద్ గారు బందరు లడ్డూలు తెచ్చి మొదటిది విశాలాక్షి గారి చేతిలో పెట్టారు. ఆవిడ సగం విరిచి నాకిచ్చి, "ఆ దీపం మాట నాకు తట్టలేదమ్మాయ్" అన్నారు. ఆ ప్రసాదం రుచి మరి దేనికీ రాలేదు.

రిటైరవుతూ తన కుర్చీ నాకే ఇప్పించారు. ఎక్కడ యుద్ధం మొదలైనా ఏ దేశంవాళ్లను నమ్మాలండీ అని ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు. నేను ఏ దేశం పేరూ చెప్పను. మీ కాపీ ఎక్కడుంది, చివరిసారి ఎప్పుడు తెరిచి చూశారు అని అడుగుతాను. మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లను ప్రసాద్ గారు అదే ప్రశ్న అడుగుతుంటే విన్నాను, పుట్టినప్పటి నుంచీ తనకు తెలిసినట్టే. మనసులోనే విశాలాక్షి గారికి దణ్ణం పెట్టుకుని నా పనిలో పడ్డాను.