మిషన్ నేనే ఎంచుకున్నాను

రెండేళ్ల కిందటి మాట. అప్పుడు నాకు యాభై రెండేళ్లు. కొండపల్లి దగ్గర మా ఊరి సమాధుల తోటలో వానలకు నడుమెత్తు గడ్డి, ముళ్లపొదలు పెరిగిపోయాయి. పాముల భయంతో కూలీలు రామన్నారు. పది రోజుల్లో, పోయినవాళ్ల సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగించే సమాధుల పండుగ. మా అమ్మ సమాధి దాకా దారే లేదు. చర్చిలో మా స్త్రీల సమాజం గడ్డి కోసే మిషన్ కొనాలనుకుని, ఆ పని నాకు అప్పగించింది.

తమ్ముణ్ణి తోడు తీసుకుని పట్నంలో గవర్నర్‌పేటలోని ఓ షాపుకి వెళ్లాను. షాపాయన అన్నీ తమ్ముడికే చెబుతున్నాడు.

"నడిపేది నేనండీ, నాకు చెప్పండి," అన్నాను.

"మీవల్ల కాదమ్మా, బరువు," అని నవ్వాడాయన.

వీపుకు తగిలించుకునే పెద్ద మిషన్‌తో వంగితే నిజంగానే తూలిపోయాను. భుజానికి వేలాడే తేలికది నాకు కుదిరింది. స్టార్ట్ చేద్దామని మూడుసార్లు తాడు లాగినా పలకలేదు. చుట్టూ చేరినవాళ్లు నవ్వుతుంటే సిగ్గుతో చచ్చిపోయాను. అంతలో నా కన్ను స్విచ్ మీద పడింది.

"ఏవండీ, మీరు స్విచ్చే వెయ్యలేదు కదా!" అన్నాను.

స్విచ్ వేసి తాడు లాగితే ఈసారి ఒక్కసారికే స్టార్టయింది. నవ్వులు ఆగిపోయాయి. మిషన్‌కుండే గడ్డి కోసే నైలాన్ తీగ ముళ్లపొదలకు ఆగదని ఇనుప బ్లేడు కూడా అడిగి తీసుకున్నాను.

బూట్లు, కళ్లద్దాలు వేసుకుని నాలుగు రోజులు కోశాను. రాత్రి అన్నం కలుపుకుంటుంటే చేతులు వణికేవి.

పండుగనాడు వయసు మళ్లిన నాన్న ఎవరి సాయం లేకుండా నడిచివెళ్లి అమ్మ సమాధి మీద కొవ్వొత్తి వెలిగించారు. పక్కనున్న పెద్దాయన, "ఇంత శుభ్రంగా ఎవరు కోశారండీ?" అని అడిగాడు.

"మా అమ్మాయి," అన్నారు నాన్న.

ఆ రెండు మాటలూ నేను బతికున్నంతకాలం మరచిపోలేను.