తెల్లంగీల సేనాధిపతి మా మామయ్య

తాండూరులో కూర్చుని ఆస్ట్రియా సైన్యాలకు ఆరేళ్లపాటు నిరాటంకంగా ఆజ్ఞలు జారీ చేసిన మా మామగారు అంజిలప్ప గారు ఇక లేరు. ఆదివారం పొద్దున చాయ్ తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయారని అత్తమ్మ ఫోన్ చేసినప్పుడు, నేను వికారాబాద్‌లో మా పాపకు ఇడ్లీ తినిపిస్తున్నాను. ఆ మాట మనసుకు ఎక్కలేదు. అరగంట కిందటే ఆయన నుంచి మెసేజ్ వచ్చింది: "లెక్క సరిపోయింది. నీ వంతు."

ఆయనను నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ సూపర్‌వైజర్‌గా మాత్రమే ఎరిగినవారికి ఈ సంగతి చెప్పాలి. మా ఆయన కాలేజీ రోజుల్లో ఆడి వదిలేసిన కంప్యూటర్ ఆట ఒకటుంది. నెపోలియన్ కాలపు యుద్ధాలు. చదరంగంలా వంతులవారీగా ఆడాలి. ఐరోపా పటం మీద మన దళాలను జరిపి, వంతు ముగించే బటన్ నొక్కి పంపితే, అవతలివారు తీరిగ్గా చూసుకుని తమ వంతు ఆడతారు. రిటైరయ్యాక మామయ్య దాన్ని పట్టుకున్నారు. పాప పుట్టాక నేను తుమ్ముకీ దగ్గుకీ వణికిపోవడం చూసి, నన్నూ అందులోకి దింపారు. రోజుకొక వంతు, తాండూరు నుంచి వికారాబాద్‌కు, వికారాబాద్ నుంచి తాండూరుకు.

ఆటలోని ఇంగ్లీషు ఆయనకు రాదు. అంగీల రంగును బట్టి దేశాలను గుర్తుపట్టేవారు. నాకు నీలంగీల ఫ్రాన్సును ఇచ్చి, తాను తెల్లంగీల ఆస్ట్రియాను తీసుకున్నారు. ఎందుకని అడిగితే, "తెల్లబట్టలేసుకొని బురదల యుద్ధం జేస్తున్నరంటే ఎంత ధైర్యం బిడ్డా. ఉతికేటోళ్ల సంగతే ఎవ్వరు రాయలే" అన్నారు.

వాన పడితే ఆయన గుర్రాలను కదిలించేవారు కాదు, మేతకు నిలిపేవారు. బురదలో కాళ్లు పాడవుతాయట. అలా రెండుసార్లు వియన్నాను నాకు వదిలేశారు. "మేత కోసం పట్నమిడిసిన మొనగాడు" అని అత్తమ్మ పొయ్యి దగ్గర నుంచే అనేది. "గుర్రాలు బతికినయ్ గదనే, పట్నం యాడికి పోతది" అనేవారు ఈయన.

చిన్నప్పుడు బంట్వారం దగ్గర గొర్లు కాసిన మనిషి. సాయంత్రం దొడ్డి దగ్గర జతలు జతలుగా లెక్కపెట్టి, లెక్క సరిపోతేనే బువ్వ. ఆ అలవాటు సేనాధిపతి అయ్యాక కూడా పోలేదు. దళాలన్నిటినీ వేలితో లెక్కపెట్టనిదే వంతు ముగించేవారు కాదు. ఒకసారి నాలుగు రోజులు వంతే రాలేదు. కంగారుపడి ఫోన్ చేశాను.

"ఒకటి తక్కువైంది బిడ్డా. నువ్వేమన్న గుంజుకపోయినవా?"

"మీ దళం నాకెందుకు మామయ్యా?"

"దొంగలు గిట్లనే అంటరు."

ఐదో రోజు దొరికింది. సేనాని బొమ్మ సరిగ్గా దాని మీదే నిలబడి ఉండటంతో అది కనబడలేదు. "నాలుగు దినాల సంది దాని మీదనే నిలబడ్డడు పెద్దమనిషి. కింద ఎవ్వరున్నరో సోయి లేదు. అందుకే వీళ్లు ఓడిపోయిన్రు" అన్నారు. చరిత్ర పుస్తకాలు చదివిన నాకు, ఆస్ట్రియా ఓటమికి అంతకన్నా మంచి కారణం ఇంతవరకు కనబడలేదు.

పాపకు మొదటిసారి బాగా జ్వరం వచ్చినప్పుడు ఏడుస్తూ ఆయనకే ఫోన్ చేశాను.

"డాక్టరుకు సూపించినవా?"

"చూపించాను."

"మందు పోసినవా? తడిబట్ట ఏసినవా?"

"అన్నీ చేశాను మామయ్యా."

"అయితే నీ వంతు అయిపోయింది. ఇగ జరం వంతు. దాని వంతు గూడ నువ్వే ఆడుతనంటే ఎట్ల? జరసేపు పండుకో."

పడుకున్నాను. మర్నాడు జ్వరం తగ్గిందని చెబితే, "వెనక్కి పోతున్నదా? తరుమకు, పోనియ్యి" అన్నారు. నా భయానికి చాలామంది చాలా మాటలు చెప్పారు. నిద్రపుచ్చింది మాత్రం ఆ ఒక్క మాటే.

ఆయన చివరి వంతు వచ్చి రెండు వారాలైంది. నేను ఆడలేకపోయాను. అది నా వంతుగా ఉన్నంతసేపూ, తాండూరులో ఆయన కుర్చీలో కూర్చుని ఎదురుచూస్తున్నట్టే ఉండేది. బటన్ నొక్కానంటే ఆయన వంతు వస్తుంది. ఆడటానికి ఆయన లేరు. మా ఆయన కూడా "ఉండనీ" అన్నాడు.

దినాలు అయిపోయాక అత్తమ్మ మా ఇంటికి వచ్చింది. నిన్న మధ్యాహ్నం పాపను ఒళ్లో పడుకోబెట్టుకుని అడిగింది.

"ఆ కంప్యూటర్ల ఆయన మంద ఇంకున్నదా?"

తెరిచి చూపించాను. పటమంతా వాన. గుర్రాలను ఏటి ఒడ్డున మేతకు నిలిపారు. వియన్నా దారి మళ్లీ నాకు బార్లా తెరిచి ఉంది. ఆయనలాగే వేలు పెట్టి లెక్కపెట్టాను, సేనాని బొమ్మను పక్కకు జరిపి మరీ.

"అన్నీ ఉన్నయా?"

"అన్నీ ఉన్నయ్ అత్తమ్మా."

ఆమె తల ఊపి, పాప జుట్టు సవరిస్తూ ఉండిపోయింది. ఆటలో లెక్క సరిపోయింది. ఇంట్లోనే ఒకటి తక్కువ. ఏ బొమ్మను జరిపినా దొరకనిది.

నా గుర్రాలను కూడా వానలో నిలిపేశాను. వియన్నా వైపు వెళ్లలేదు. లెక్క తక్కువగా ఉండగానే బటన్ నొక్కాను. ఎదుటివారి వంతు కోసం వేచి ఉండమని తెర మీద వచ్చింది.

నా వంతు అయిపోయింది మామయ్యా. ఇక పడుకుంటాను.