నీళ్ళు పడని అమ్మాయికి కృతజ్ఞత కూడిక

ఆ రోజుల్లో నాకు అబద్ధం చెప్పడం కూడా సరిగ్గా వచ్చేది కాదు. వచ్చి ఉంటే ఇంత గొడవ జరిగేది కాదని చాలాకాలం బాధపడ్డాను. ఇప్పుడు నలుగురికీ చెప్పి నవ్వించగలుగుతున్నాను గానీ, అప్పుడు మాత్రం నా బతుకు పంతొమ్మిదో ఏటే ముగిసిపోయిందని మనస్ఫూర్తిగా నమ్మాను. గుంటూరు అవతల ఒక ప్రైవేటు యూనివర్సిటీలో ఇంజనీరింగ్ మొదటి ఏడాది పూర్తయ్యేసరికి నావి నాలుగు సబ్జెక్టులు పోయాయి. అందులో రెండు లెక్కలే. మా నాన్నగారేమో ముదినేపల్లి దగ్గర హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆయన దగ్గర కూర్చుంటే రాయికైనా లెక్కలొస్తాయని చుట్టుపక్కల ఊళ్ళలో చెప్పుకునేవారు. (ఆ రాళ్ళన్నీ మంచి మార్కులతోనే పాసయ్యాయి. ఇంట్లో ఉన్న రాయి ఒక్కటే మిగిలిపోయింది.)

ఫలితాలు ఫోన్లో చూసుకున్న రోజు హాస్టల్ బాత్రూంలో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. ఎందుకు పోయాయంటే చెప్పుకోదగ్గ కారణమేమీ లేదు. క్లాసులో చెప్పేది అర్థం కాలేదు, అర్థం కాలేదని నేను ఎవరికీ చెప్పలేదు, అంతే. లెక్కల మాస్టారి కూతుర్నని మొదటి రోజే గొప్పగా చెప్పుకున్నాను. ఆ తర్వాత లేచి నిలబడి నాకు రావట్లేదండీ అనడానికి మొహం చెల్లలేదు. ఇక ఆ కాలేజీలో ఒక్కరోజు కూడా ఉండలేననిపించింది. తాడేపల్లిగూడెంలో వేరే యూనివర్సిటీ కింద ఒక కాలేజీ ఉందనీ, రెండో ఏడాదిలోకి అక్కడికి మారొచ్చనీ రూమ్మేట్ చెప్పింది. గూడెం వెళ్ళిపోతే ఈ మార్కులు నా వెంట రాకుండా గుంటూరు అవతలే ఉండిపోతాయని నాకెందుకో గట్టి నమ్మకం కుదిరింది.

ఇంట్లో అసలు సంగతి చెప్పే ధైర్యం లేక, అక్కడి నీళ్ళు పడట్లేదని చెప్పాను. ఎంత తెలివితక్కువ అబద్ధమంటే, మా ఊరు కొల్లేటి అంచున ఉంటుంది. మా బోరు నీళ్ళలో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, తాగడానికి టిన్ను కొనుక్కోవాల్సిందే. మా మేనత్త నన్ను పైనుంచి కిందికి చూసి, "మన నీళ్ళతో బతికినదానికి ఏ ఊరి నీళ్ళు పడవే?" అంది. అమ్మ మాత్రం నమ్మింది. నమ్మడమే కాదు, ఆదివారం చర్చిలో ప్రార్థన మనవులు చెప్పే సమయంలో లేచి, మా అమ్మాయికి అక్కడి నీళ్ళు పడట్లేదండీ, గూడెం కాలేజీకి మారేలా ప్రార్థన చెయ్యండి అని అడిగేసింది. మా చర్చిలో ఒకసారి మనవి చెప్పారంటే అది ఊరందరి పని. దారిలో కనిపించిన ప్రతివాళ్ళూ నా కడుపు ఎలా ఉందని అడిగేవారు. వాము నీళ్ళు తాగమనేవారు. నా కోసం ఒక ముసలమ్మగారు ఉపవాసం కూడా ఉందని తెలిసి, నాకు నిజంగానే కడుపులో తిప్పింది.

పాత కాలేజీ వాళ్ళు, నేను వెళ్ళిపోవడానికి తమకు అభ్యంతరం లేదని పది నిమిషాల్లో సర్టిఫికెట్ రాసిచ్చారు. (ఒక్కరైనా ఉండిపొమ్మనలేదు. అదొక చిన్న బాధ.) సంతోషం పట్టలేక, సర్టిఫికెట్ చేతికొచ్చిందని అమ్మకు ఫోన్ చేశాను. ఇక పనైపోయిందని నేనే అనుకున్నాను, అమ్మ అనుకోవడంలో వింతేముంది. మా వైపు, కోరిన కోరిక తీరితే ఇంటి దగ్గర కృతజ్ఞత కూడిక పెట్టి పదిమందికి భోజనం పెట్టాలి. ఆలస్యం చేస్తే దేవుడి మేలు మరిచినట్టని అమ్మ భయం. నేను శనివారం గూడెంలో కాగితాలు ఇవ్వడానికి వెళ్తున్నానని తెలిసి, అదే శనివారం సాయంత్రానికి కూడిక పిలిచేసింది.

గూడెం ఆఫీసులో కూర్చున్న మేడంగారు ఎంతో మర్యాదగా కూర్చోమని, నా మార్కుల లిస్టు చదివి, ఇంకా మర్యాదగా చెప్పారు. "ఒక్క సబ్జెక్టు మిగిలున్నా తీసుకోమండి. మీకు నాలుగున్నాయి కదండీ." రాసేసుకుని వచ్చే ఏడాది రానా అని అడిగాను. మార్పు రెండో ఏడాదిలోకే తప్ప తర్వాత కుదరదన్నారు. అంటే ఇంకెప్పటికీ లేదు. అక్కడి నుంచి ఏలూరు, ఏలూరు నుంచి కైకలూరు బస్సు. కొల్లేరు దాటుతున్నంతసేపూ కిటికీలోంచి నీళ్ళకేసి చూస్తూ, ఈ బస్సు ఇలాగే ఎటో వెళ్ళిపోతే బాగుండునని కోరుకున్నాను. నా కోరికలతో నిమిత్తం లేకుండా బస్సు సమయానికే చేరింది.

ఇంటిముందు షామియానా, కుర్చీలు, మైకు. పెరట్లో కొరమీను పులుసు ఉడుకుతోంది. అమ్మను పక్కకు పిలిచి చెబుదామని మూడుసార్లు ప్రయత్నించాను. మూడుసార్లూ నా చేతిలో ఏదో ఒక పళ్ళెం పెట్టి పంపింది. పాటలయ్యాయి, బైబిలు వాక్యం చెప్పడమయింది, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమని పాస్టరుగారు నన్ను పిలిచి మైకు ఇచ్చారు. ఉపవాసమున్న ముసలమ్మగారు ముందు వరసలో కూర్చుని నావైపే చూస్తోంది. నాన్నగారు వెనక నిలబడి ఉన్నారు. ఆయన శిష్యులైన సగం ఊరు అక్కడే ఉంది. మరో అబద్ధానికి నోరు తెరిచాను, కానీ రాలేదు.

"నాకు ట్రాన్స్‌ఫర్ రాలేదండీ. నాలుగు సబ్జెక్టులు పోయాయండీ. నీళ్ళు బానే పడ్డాయండీ."

అంతా మైకులో, వీధి చివరిదాకా వినిపించింది. అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. వెనక నుంచి నాన్నగారు మెల్లిగా, "లెక్కలు కూడానా అమ్మా?" అన్నారు. రెండూ పోయాయండీ అన్నాను, అది కూడా మైకులోనే. పాస్టరుగారు పెద్దమనిషి, వెంటనే కళ్ళు మూసుకుని, కృతజ్ఞత కూడికను అక్కడికక్కడే మనవి కూడికగా మార్చేశారు. పులుసు మాత్రం ఎవరూ వదల్లేదు. నీళ్ళ సంగతి తనకు ముందే తెలుసునని మా మేనత్త వడ్డిస్తూ పంక్తి పంక్తికీ చెప్పింది. నేను గదిలో పడుకుని, చచ్చిపోతే నయమనుకుంటూ ఆ మాటలన్నీ విన్నాను.

మర్నాడు పొద్దున నాన్నగారు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అరుగు మీద కూర్చుని లెక్కల పుస్తకాలు తెమ్మన్నారు. మొదటిది చూసి ఇది చెప్పుకుందాంలే అని పక్కన పెట్టారు. రెండోది తెరిచి, కళ్ళజోడు సర్దుకుని, పెన్సిలుతో ఏదో వేశారు, కొట్టేశారు, మళ్ళీ వేశారు. అరగంటకు ఆయన తాగని టీ మీద మీగడ కట్టింది. నేను చేతులు కట్టుకుని నిలబడి, ఆయన నోట ఎలాంటి మాట వస్తుందోనని ఎదురుచూస్తున్నాను. చివరికి ఆయన కళ్ళజోడు తీసి, "ఇది నాకూ రాదమ్మా" అన్నారు.

కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా అన్నారు. ఏడాదంతా నా గొంతులో అడ్డుపడ్డ మాట అది. ముందురోజు షామియానా కింద కూడా రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఆయన కంగారుపడి, రాకపోతే నేర్చుకుందాంలే, దానికేముంది అన్నారు. ఆ నెలంతా ఇద్దరం ఆ అరుగు మీదే ఆ రెండో పుస్తకంతో కుస్తీపట్టాం. ఆయన పాత శిష్యుడొకరు ఏలూరు నుంచి వచ్చి చెబుతుంటే, మాస్టారు నాకన్నా ముందు నోట్సు రాసుకునేవారు.

గూడెం కాలేజీ నాకు దక్కలేదు. తప్పించుకుపోదామనుకున్న చోటికే తిరిగెళ్ళి, సప్లిమెంటరీ రాశాను. మూడు పాసయ్యాను. ఫలితాలొచ్చిన రోజు ఈసారి కుళాయి తిప్పలేదు. హాస్టల్ మెట్ల మీద కూర్చుని నాన్నగారికి ఫోన్ చేసి, ఒకటి పోయిందండీ అని చెప్పాను. ఏదమ్మా అని అడిగారు.

"మనిద్దరికీ రానిదేనండీ" అన్నాను.

అవతల ఆయన నవ్వారు, ఇవతల నేనూ నవ్వాను. సబ్జెక్టు పోయి కూడా ఆ మెట్ల మీద కూర్చుని నవ్విన ఆ పిల్లను తలుచుకుంటే, నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.