బడి వసారాలో ఉయ్యాల

మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో, నీళ్ళ ట్యాంకరు ఆలస్యమవుతుందన్న కబురుకీ ఎవరి కారో దారికి అడ్డంగా ఉందన్న గొడవకీ మధ్యన, పెద్ద మేడం పోయిన వార్త వచ్చింది. గుండెపోటట. ఆ వార్త పెట్టింది మా అసోసియేషన్ అధ్యక్షుడు. కింద చేతులు జోడించిన బొమ్మ కూడా పెట్టాడు. ఆ బొమ్మ చూడగానే నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. ఆ కోపం మీదే ఇది రాస్తున్నాను. చల్లారాక రాస్తే మర్యాదగా రాస్తాను. మర్యాదగా మాట్లాడేవాళ్ళు సంతాప సభలో కావలసినంతమంది మాట్లాడారు.

పెద్ద మేడం అంటే హఫీజ్‌పేటలో మా ప్రహరీ గోడకు అవతలున్న సర్కారు హైస్కూలు ప్రధానోపాధ్యాయురాలు. పిల్లలు అలా పిలిచేవారు, నాకూ అదే అలవాటైంది. నేను కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. ఇంట్లో పుస్తకాలతో పోట్లాడి విసుగెత్తి, పదో తరగతికి ఊరికే తెలుగు చెబుతానని ఓ రోజు ఆ బడికి వెళ్ళాను. ఆవిడ తన గదిలో మధ్యాహ్న భోజనం బియ్యం చాటలో పోసుకుని రాళ్ళు ఏరుతున్నారు. బల్ల మీద స్పీకరులో పెట్టిన ఫోనులోంచి ఎవరో అధికారి అరుస్తున్నాడు.

"వింటున్న సార్, చెప్పుండ్రి. రాళ్ళు ఏరుతున్న," అన్నారావిడ.

తర్వాత నావైపు చూసి, "కూసోండి సార్. కండ్లు మంచిగున్నయా? అయితే జర ఈ పక్క మీరు ఏరుండ్రి," అన్నారు. మా స్నేహం అలా మొదలైంది.

ఆ బడిలో చదివే పిల్లల తల్లిదండ్రులు చాలామంది పాలమూరు వైపు నుంచి వచ్చినవాళ్ళు. ఇక్కడి అద్దాల మేడలు కట్టేది వాళ్ళే. కట్టాక గేటు దగ్గర నిలబడేదీ, లోపల తుడిచేదీ వాళ్ళే. తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. పద్యం ఒకసారి చదివితే అప్పజెప్పేసేది. వేసవి సెలవుల్లో ఆమెకు ఊళ్ళో పెళ్ళి చేస్తున్నారని ముందే తెలిసి పెద్ద మేడం అందరికీ ఫోన్లు చేశారు. అధికారులు వెళ్ళారు, తాళి కట్టేశాక. తల్లిదండ్రుల చేత సంతకం పెట్టించుకుని, అవగాహన కల్పించామని ఫొటో దిగి వచ్చేశారు.

ఆ తల్లి బడికి వచ్చిన రోజు నేనక్కడే ఉన్నాను. పెద్ద మేడం లేచి తన కుర్చీ ఆమెకు వేశారు. ఎంత తిట్టవలసినవాళ్ళు వచ్చినా ఆవిడ ముందు చేసే పని అదే.

"ఇద్దరం సైటు మీదికి పోతం మేడం. రేకుల షెడ్డుల పిల్లనొక్కదాన్ని ఇడిచిపోతే పానం నిలుస్తదా? ఒక అయ్య చేతుల పెడితే ఫికర్ తీరుతదనుకున్నం."

"నీ ఫికర్ తీరిందా, లేకుంటె దాని మెడకు సుట్టుకున్నదా?"

ఆ తల్లి ఏడ్చింది. ఆవిడ మంచినీళ్ళిచ్చారు. తల్లిదండ్రుల మూఢత్వం గురించి ఉపన్యాసాలిచ్చే పెద్దలారా, ముప్ఫయ్యో అంతస్తు మీద తల్లీ తండ్రీ ఇటుకలు మోస్తుంటే కింద ఆ పిల్ల ఎక్కడ భద్రంగా ఉండాలో మీ పోస్టర్లలో ఎక్కడైనా రాశారా?

అమ్మాయి గర్భవతి అయింది. వయసు చాలదు కాబట్టి దవాఖానకు వెళితే పోలీసులొస్తారని, మొగుణ్ణి పట్టుకుపోతారని దాక్కుంది. పెద్ద మేడం షెడ్డుకే వెళ్ళారు. "కేసు కేసు తీరుగ నడుస్తది. దాని సంగతి కోర్టు చూసుకుంటది. నువ్వు మాత్రం దవాఖానకు నడువు," అని చెయ్యి పట్టుకు తీసుకెళ్ళారు. పోలీసులు ప్రశ్నలడుగుతున్నంతసేపూ ఆ పిల్ల పక్కనే కూర్చున్నారు.

ఇక పథకాల సంగతి. ఈ సర్కారులో కౌమార బాలికలకు ఐరన్ గోలీలున్నాయి, తల్లులకు అంగన్‌వాడీలో వేడి భోజనం ఉంది. రెండూ మంచివే, నేను కాదనను. కానీ పిల్లల పథకం దగ్గరికి వెళితే, తల్లి కాబోతోంది కదా అన్నారు. తల్లుల పథకం దగ్గరికి వెళితే, ఇంకా పిల్ల కదా అన్నారు. పేరు ఎక్కిస్తే తమ పరిధిలో బాల్యవివాహం జరిగినట్టు తేలుతుందని ఒక సూపర్‌వైజరమ్మ భయం. కడుపుతో ఉన్న పిల్ల రెండు గుమ్మాల మధ్య నిలబడింది. పెద్ద మేడం నేరుగా అంగన్‌వాడీకి వెళ్ళి, "తిట్టుడు రేపు తిడదాం, ఇయ్యాల అన్నం పెట్టుండ్రి," అన్నారు. పెట్టారు. ఎవరికి ఎప్పుడు ఎదురుపడినా ఆవిడ మాట అదే.

ఏడాది గడిచాక ఆ అమ్మాయి చంకలో పాపతో బడి గేటు బయట నిలబడింది. లోపలికి రాలేదు. పెద్ద మేడమే వెళ్ళి తీసుకొచ్చారు. వసారా దూలానికి పాత కాలపు ఇనప కొక్కెం ఒకటుంది. బంట్రోతు చేత స్టూలు తెప్పించి, తన పసుపు రంగు నూలు చీరతో దానికి ఉయ్యాల కట్టారు. తల్లి పదో తరగతిలో, బిడ్డ పదో తరగతి గుమ్మం బయట.

లెక్కల సారు భగ్గుమన్నాడు. "ఇదేం బడి మేడం? మిగతా ఆడపిల్లలు చెడిపోరా?"

"చెడిపోయేటందుకు అండ్ల ఏమున్నది సార్? రాత్రంత నిద్ర లేక ఆ పిల్ల మీ క్లాసుల తూగుడు చూస్తలేరా? ఇంటర్వెల్‌ల ఉచ్చగుడ్డలు పిండుడు చూస్తలేరా? అది చూసినంక పెండ్లి గావాలని ఎవ్వలడుగుతరు? ఇంతకన్న పెద్ద పోస్టర్ మీ తాన ఉంటె తెండ్రి, అంటిద్దాం."

అదే నిజమైంది. ఎనిమిదీ తొమ్మిదీ తరగతుల ఆడపిల్లలు వంతులేసుకుని ఉయ్యాల ఊపారు. పాప వాంతి చేసుకుంటే తుడిచారు. అలా ఊపుతూ ఊపుతూ ఒక తొమ్మిదో తరగతి పిల్ల, "మేడం, మా ఇంట్ల నాకు సంబంధం చూస్తున్నరు. నాకొద్దు," అంది. ఆ పెళ్ళి ఆగింది. ఫొటో మాత్రం లేదు.

హైటెక్ సిటీలో ఓ పెద్ద హోటల్లో ఓ స్వచ్ఛంద సంస్థవాళ్ళు ఆడపిల్లల భవిష్యత్తు మీద సదస్సు పెట్టి ఆవిణ్ణి పిలిచారు. నేనూ తోడు వెళ్ళాను. కంపెనీలవాళ్ళు తెరమీద బొమ్మలు వేసి చాలాసేపు మాట్లాడారు. ఆవిడ మైకు ముందుకెళ్ళి, "మా బడికి ఒక ఆయాను ఇయ్యుండ్రి, చాలు," అని దిగిపోయారు. ఆయాను ఇవ్వలేదు. శాలువా, బరువైన జ్ఞాపిక ఇచ్చారు. ఆ జ్ఞాపికను ఆవిడ స్టాఫ్‌రూము తలుపుకు అడ్డుగా పెట్టారు, గాలికి తలుపు కొట్టుకుని పాప ఉలిక్కిపడకుండా. ఆ సంస్థ ఇచ్చిన సాయంలో పనికొచ్చింది అదొక్కటే.

ఇప్పుడు చేతులు జోడించిన పెద్దమనిషి వంతు. గోడవతల పసిబిడ్డ ఏడుపు వల్ల ఇంటినుంచి పనిచేసేవాళ్ళ మీటింగులకు ఇబ్బందిగా ఉందని, బడిలో ఇలాంటివాళ్ళను చేర్చుకుంటే చుట్టుపక్కల వాతావరణం పాడవుతుందని విద్యాశాఖకు ఫిర్యాదు రాసింది ఈయనే. ఎదురుగా కొత్త టవరు కోసం పొద్దస్తమానం బండరాయి తొలుస్తుంటే మాత్రం ఈయన చెవులకు ఇబ్బంది కాలేదు. అసోసియేషన్ మీటింగులో ఆ ఫిర్యాదు చదివినప్పుడు నేనొక్కణ్ణే వద్దన్నాను. ముసలాయనకు కోపమెక్కువని నవ్వారు. అవునండీ, ఎక్కువే.

పరీక్షలు దగ్గర పడుతుండగా పెద్ద మేడాన్ని జిల్లా ఆ చివరకు బదిలీ చేశారు. కారణం పరిపాలనాపరమట. ఇన్‌చార్జి లెక్కల సారే. మొదటిరోజే ఉయ్యాల విప్పించాడు. అమ్మాయి పరీక్షకు రావచ్చు, బిడ్డ రాకూడదన్నాడు.

పరీక్షా కేంద్రం లింగంపల్లి వైపు పడింది. అక్కడి బస్టాపులో పాపను ఒళ్ళో వేసుకుని పెద్ద మేడం కూర్చున్నారు. కొత్త బడికి సెలవు పెట్టి వచ్చారు.

"మీరెందుకొచ్చిన్రు సార్ గీ ఎండల? బీపీ గోలీ ఏస్కున్నరా?"

"గొడుగు పట్టుకోవడానికి ఎవరో ఒకరుండాలి కదండీ."

పరీక్షలయ్యేదాకా మాకదే పని. చాయ్ బండి ఆమె ఒకసారి, "మనుమరాలా అమ్మా?" అనడిగింది.

"కాదు. మా ఇస్కూల్ల అందరికంటె చిన్న పిల్ల."

గంట కొట్టగానే ఆ అమ్మాయి పరుగెత్తుకొచ్చి ముందు పాపను లాక్కుంది, తర్వాతే మాట్లాడింది. "తెలుగు పేపర్ మంచిగ రాసిన సార్. మీ వ్యాకరణమే జర పరేషాన్ చేసింది." పెద్ద మేడం అంత గట్టిగా నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి.

అమ్మాయి పాసయింది. ఇప్పుడు నర్సు పని నేర్చుకుంటోంది. పెద్ద మేడం ఆ చివరి బడిలోనే రిటైరయ్యారు. మళ్ళీ ఈ బడి గేటు దాటి లోపలికి ఎవరూ పిలవలేదు. పోయాక పిలిచారు.

సంతాప సభ ఆ వసారాలోనే జరిగింది. బదిలీ కాగితం మీద సంతకం చేసిన అధికారి, బాల్యవివాహాల మీద ఆమె పోరాటం మనకు ఆదర్శమన్నాడు. లెక్కల సారు కళ్ళు తుడుచుకున్నాడు. నిజంగానే ఏడ్చాడేమో, నాకనవసరం. మా అధ్యక్షుడు దండ తెచ్చాడు. ఉయ్యాల మాట ఎవరి నోటా రాలేదు. నేను మాట్లాడతానని లేస్తే, "సార్, చాయ్ చల్లారిపోతది," అని మైకు కట్టేశారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అందరూ సమోసాల వైపు వెళ్ళాక వసారాలో ఆవిడ బొమ్మ వేసిన ఫ్లెక్సీ మిగిలింది. పై కర్రకు తాడు కట్టి, ఆ కొక్కేనికే వేలాడదీశారు. వాళ్ళకు తెలిసి కట్టలేదు. అక్కడ కట్టడానికి ఉన్న కొక్కెం అదొక్కటే. ఆ అమ్మాయి అప్పటిదాకా వెనక నిలబడి ఉంది. ఇప్పుడు ముందుకు వచ్చింది. నిద్రపోతున్న కూతురు భుజం మీద ఉంది. ఫ్లెక్సీ అడుగు కర్ర మీద ఖాళీగా ఉన్న చెయ్యి వేసి, తను ఏం చేస్తోందో తనకే తెలియనట్టు, మెల్లగా ఊపుతూ నిలబడింది.