యుద్ధానికి ముందు తుమ్ము

ఇరాక్ మీద యుద్ధం వద్దంటూ మా వీధినాటక దళం ఊళ్లు తిరుగుతున్న రోజులవి. అమెరికా అధ్యక్షుడి వేషం నాది.

ఆ సాయంత్రం గుంటూరు పక్కన ఒక మిరప కల్లంలో, తాలుకాయలు ఏరే ఆడవాళ్ల ముందు ఆడుతున్నాం. "బయల్దేరండి, బాంబులేయండి!" అని చెయ్యెత్తానో లేదో, మిరప ఘాటు ముక్కుకెక్కి గట్టిగా తుమ్మాను.

ముందు వరసలోని ముసలావిడ లేచింది. "తుమ్మితే బయల్దేరకూడదయ్యా! కాసేపు కూర్చుని మంచినీళ్లు తాగు," అంటూ చెంబు అందించింది. నేను బుద్ధిగా కూర్చున్నాను.

"లేవరా, యుద్ధం మొదలెట్టాలి!" అని మా దళనాయకుడు పక్కనుంచి పళ్లు కొరికాడు.

ఆవిడ అతని మీద విరుచుకుపడింది. "మానుకుని కూర్చున్నవాణ్ణి ఎగదోస్తావేంటయ్యా నువ్వు?"

కల్లమంతా చప్పట్లతో మోగింది. నాకిక లేవబుద్ధి కాలేదు. యుద్ధం రద్దని అక్కడే ప్రకటించేశాను. దళనాయకుడు మాత్రం బస్సెక్కేదాకా నాతో మాట్లాడలేదు.