నవలలో రెండో కానిస్టేబుల్

పలాసలో నేనూ, నేను 'మా ఆమె' అని చెప్పుకునే నా జోడీ కానిస్టేబులూ ఒకే స్టేషన్‌లో పనిచేసేవాళ్ళం. వయసులో నేను కాస్త పెద్దదాన్ని కాబట్టి అక్కను పిలిచినట్టు ఆమె నన్ను అప్పా అని పిలిచేది. ఆడపిల్లల కేసు ఏదొచ్చినా మా ఇద్దరినే పంపేవారు. స్కూటీ ఆమె నడిపేది, వెనక నేను. ఉద్దానం కొబ్బరితోటల్లో మేం తిరగని దారి లేదు.

టెక్కలి నుంచి ఒక టీచరమ్మ మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది. పదహారేళ్ళ పిల్ల హత్యకు గురైతే ఇద్దరు ఆడ పోలీసులు ఆ కేసు ఛేదించే నవల రాస్తోందట. మా పని ఎలా ఉంటుందో చెప్పమంది. సెలవు రోజుల్లో వచ్చి కూర్చునేది. మా ఆమె చేతులు తిప్పుతూ, నవ్విస్తూ చెప్పేది. నాకు అంత మాటకారితనం లేదు. ఒక్కసారి మాత్రం నోరు విప్పాను. శవం పక్కన చెప్పులు జతగా పెట్టి ఉంటే నాకు అనుమానం వస్తుందన్నాను.

"ఎందుకు?" అంది టీచరమ్మ.

"పానభయంతో పరిగెట్టే పిల్ల సెప్పులు ఇప్పి సర్దుకోదు కదమ్మా. ఎవులో తరవాత ఎట్టినట్టే."

టీచరమ్మ రాయడం ఆపి నా వైపు అలాగే చూస్తూ ఉండిపోయింది. ఆ చూపు తలుచుకుని చాలా రోజులు మురిసిపోయాను.

ఆవిష్కరణకు ముందే టీచరమ్మ మాకు చెరో పుస్తకం పంపింది. డ్యూటీ లేని రోజు చూసుకుని, కూర పొయ్యి మీద పెట్టి చదవడం మొదలుపెట్టాను. అందులో ఎస్సై మా ఆమే. ఆ నడక, ఆ నవ్వు, కోపం వస్తే జడ వెనక్కి విసరడం, అన్నీ ఆమెవే. జీడితోటలో శవం దగ్గర గొంతుకూర్చుని చెప్పుల మాట చెప్పింది కూడా ఆమే! నా మాట, నా నోటి మాట. పక్కన ఒక లావుపాటి కానిస్టేబుల్ ఉంది. ఎప్పుడూ టీ తాగుతుంది, ఆవలిస్తుంది. ఆ చెప్పుల్ని చూసి కూడా పక్కకు తిరిగిపోతుంది. కూర మాడిన వాసన వచ్చేదాకా ఆ పేజీనే చూస్తూ కూర్చున్నాను.

మా ఆయన కూడా చదివాడు. "ఈ టీ తాగేది నువ్వేనేటే?" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ రోజు ఆయనకు మాడిన కూరే వడ్డించాను.

టెక్కలిలో పుస్తకావిష్కరణకు పెద్దవాళ్ళు వస్తున్నారని మాకు బందోబస్తు పడింది. నన్ను గేటు దగ్గర నిలబెట్టారు. ఆమెను మాత్రం వేదిక మీదికి పిలిచారు. శాలువా కప్పినట్టున్నారు, లోపల ఒకటే చప్పట్లు. ఎండలో నిలబడి స్కూటర్లు పక్కకు తీయిస్తూ ఆ చప్పట్లు వింటుంటే నాకు కడుపులో మంట పుట్టింది. కార్యక్రమం అయ్యాక ఆమె శాలువా చేత్తో పట్టుకుని వచ్చి, "అప్పా, తిన్నావేటి?" అని అడిగింది. తిన్నానని అబద్ధం చెప్పాను.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం జీడిపిక్కలు ఒలిచే ఒకామె ఏడుస్తూ స్టేషన్‌కు వచ్చింది. ఇంటర్ చదివే కూతురు పొద్దున్న కాలేజీకని బయల్దేరి, అక్కడికి చేరలేదు. నా భుజం మీదుగా లోపలికి తొంగి చూసింది.

"బుక్కులో మేడం నేదా? ఆవిడైతే బేగి పట్టేత్తాదంట."

"కోర్టుకెల్లినాది. నాకు సెప్పు," అన్నాను. నా గొంతు నాకే గరుకుగా వినిపించింది.

పిల్ల స్నేహితురాలి ఇంటికి వెళ్ళాను. మార్కులు తక్కువొచ్చాయని తల్లి చేయి చేసుకుందట. నౌపడలో ఉప్పు మళ్ళలో పనిచేసే పిన్ని దగ్గరికి పోతానని పిల్ల అందట. ఆ అక్కచెల్లెళ్ళకు మాటలు లేవు, అందుకే తల్లికి అటు తోచలేదు. ఆటో ఎక్కి వెళ్ళాను. పిన్ని ఇంటికి పోవడానికి ధైర్యం చాలక ఆ పిల్ల ఉప్పు కుప్పల నీడలో కూర్చుని ఉంది. మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. బతికి ఉంది. వెళ్ళి ఆ పిల్ల పక్కనే కూలబడ్డాను.

స్టేషన్‌కు ఫోన్ చేశాను. అప్పటికి కోర్టు నుంచి తిరిగొచ్చిన మా ఆమె, తల్లిని స్కూటీ ఎక్కించుకుని వచ్చేసింది. తల్లి కూతుర్ని వాటేసుకుని ఏడ్చింది. తర్వాత వెళ్ళి మా ఆమె చేతులు పట్టుకుంది.

"నువ్వొచ్చినావు గాబట్టి దొరికినాది తల్లీ!"

"నాను ఇప్పుడే వొచ్చినానమ్మా. పట్టింది మా అప్ప," అంది మా ఆమె.

ఆ మాట మనస్ఫూర్తిగానే అంది. అది ఇంకా మండించింది నన్ను. అందం ఆమెకే, మాట ఆమెకే, చివరికి మంచి మనసూ ఆమెకేనా? తల్లి నాకు ఒక దండం పెట్టి, తన ఫోన్ నా చేతికిచ్చింది. "మేడంతో ఒక పొటో తియ్యమ్మా," అంది. తీశాను. బాగానే వచ్చింది.

వాళ్ళిద్దరూ స్కూటీ మీద ముందు వెళ్ళారు. నేను పిల్లతో ఆటోలో వెనక బయల్దేరాను. పలాస దగ్గరపడుతుండగా పిల్ల, "ఆ బుక్కు నానూ సదివినాను మేడం," అంది.

"బాగున్నాదా?"

"బాగున్నాది గానీ, ఆ పిల్ల సచ్చిపోయినాకే అందరూ ఎతికినారు."

ఆ పిల్ల చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. ఆ మాటతో నా అసూయ పోయిందని రాయాలని ఉంది. పోలేదు. స్టేషన్ ముందు ఆటో ఆగేసరికి మా ఆమె చుట్టూ జనం మూగి ఉన్నారు. ఆమె దూరం నుంచే నన్ను చూసి చెయ్యి ఊపింది. నేను కనబడనట్టే నటించి, పొద్దున్నుంచీ ఏమీ తినని ఆ పిల్లను ఎదురుగా ఉన్న హోటల్లోకి తీసుకెళ్ళి వేడి ఇడ్లీ చెప్పాను.