రమణ ఫ్రేములో ఉన్నది ఆ రికార్డ్ కాదు

పన్నెండేళ్ళు ఒక బరువు మోశాను. తూస్తే పావుకిలో కూడా ఉండదు. నల్లగా, గుండ్రంగా, ఒక అంచున అప్పడంలా పైకి లేచి ఉంటుంది. కట్టుకున్నదానికి కూడా చెప్పలేదు. మీ ముఖం నాకు కనపడదు కాబట్టి మీకు మాత్రం ఏదీ దాచకుండా చెబుతాను.

రమణా నేనూ ఒకే ఏడాది అమెరికాలోని ఈ కాపెల్ ఊరికి వచ్చాం. వాళ్ళ నాన్నది మైక్ సెట్ వ్యాపారం. ఏ పెళ్ళికి వెళ్ళినా ఆయన ముందుగా వేసేది ఒకే రికార్డ్, నాదస్వరం కచేరీ. ఆయన పోయాక రమణ దాన్ని విమానంలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నాడు. వింటే ఏడుపొస్తుందని వినడు. నేను కొత్తగా రికార్డ్ ప్లేయర్ కొన్న మోజులో, ఒక్కసారి విని తిరిగిచ్చేస్తానని బతిమాలి పట్టుకెళ్ళాను.

దారిలో కరివేపాకు కోసం ఇండియన్ స్టోర్ దగ్గర ఆగాను. రెండు నిమిషాల పని. కానీ అక్కడ తెలిసినవాడొకడు కనిపించి వీసా సంగతి ఎత్తాడు. మనవాళ్ళు వీసా గురించి మొదలుపెడితే రెండు నిమిషాల్లో వదులుతారా? గంట గడిచింది. ఆగస్టు ఎండ, అద్దాలు మూసిన కారు, వెనక సీట్లో రమణ వాళ్ళ నాన్న రికార్డ్. తిరిగొచ్చేసరికి వంకర పోయింది. ఇంటికి తెచ్చి వారం రోజులు వెట్ గ్రైండర్ కింద పెట్టాను. గ్రైండర్ పిండి రుబ్బుతుంది గానీ, చేసిన పాపాన్ని చదును చేయదు.

అప్పుడే చెప్పి ఉంటే ఏమయ్యేది? తిట్టేవాడు. అంతేగా? ఆ తిట్లకు జడిసి, పాతసామాన్ల దుకాణంలో దొరికిన అమెరికన్ పల్లెటూరి డాన్స్ పాటల రికార్డ్ ఒకటి ఆ నాదస్వరం రికార్డ్ అట్టలో దూర్చి ఇచ్చేశాను.

"విన్నావా?" అన్నాడు ఆశగా.

"విన్నాన్రా. అద్భుతం."

"చివర్లో డోలు ఆగిపోయి నాదస్వరం ఒక్కటే మిగులుద్ది చూడు, అక్కడెలా ఉంది?"

"ఒళ్ళు జలదరించిందిరా."

వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను అసలు విననే లేదు. రికార్డ్ పాడవడం పొరపాటు. ఈ మాట మాత్రం పొరపాటు కాదు, తెలిసి అన్నదే.

రమణ ఆ అట్టను విప్పకుండా ఫ్రేము కట్టించి హాల్లో పెట్టాడు. నాన్న పనిముట్టు కదా అని ఏటా దసరాకి దానికి కుంకుమ బొట్టు పెడతాడు. పన్నెండు దసరాలు ఆ డాన్స్ పాటలకి నేనూ చేతులు జోడించాను. నవ్వొస్తోందా? నాకూ వచ్చేది. ఆ నవ్వుకి నన్ను నేనే తిట్టుకునేవాణ్ణి. ఇప్పుడేమో వచ్చే నెల వాళ్ళమ్మాయి నిశ్చితార్థం. నాన్నలాగే ముందు అదే వేద్దాం, నీ ప్లేయర్ పట్టుకురమ్మని ఆమధ్య ఫోన్ చేశాడు.

ఈ ఏడాది మా అమ్మాయి ఒక పంతం పట్టింది. ఇంట్లో ఉన్న రికార్డులన్నీ ఆదివారం పొద్దున ఒకటి చొప్పున, ఒక్కటీ వదలకుండా వినాలట. ఎంత బాగుందో చెప్పలేను. దోసెలు చల్లారిపోతాయి, గీతలు పడ్డచోట టక్ టక్ మంటుంటే మా ఆవిడ తాళం వేస్తుంది, పాట నచ్చకపోయినా ఎవరూ లేవకూడదు. పోయిన ఆదివారం అర చివర నేను ఆ వంకర రికార్డ్ దాచిన తెల్ల కవరు వంతు వచ్చింది. నేను వద్దనేలోపే మా అమ్మాయి దాన్ని పెట్టేసింది.

మోగింది! మోగదనుకుని ఇన్నేళ్ళూ ఒక్కసారి కూడా వేసి చూడలేదు. ముల్లు పైకీ కిందకీ ఊగుతోంది, నాదస్వరం ఉయ్యాలెక్కినట్టు సాగుతోంది.

"నాన్నా, ఇట్స్ డాన్సింగ్! ఎవరిది ఇది?" అని మా అమ్మాయి గెంతుతోంది.

చివర్లో డోలు ఆగింది. నాదస్వరం ఒక్కటే మిగిలింది. నిజంగానే ఒళ్ళు జలదరించింది. సంతోషం పట్టలేక ఏడ్చేశాను. ఈ సంతోషం రమణది కదా, పన్నెండేళ్ళు నా అరలో దాచుకున్నానే అని సిగ్గు కూడా వేసింది. మా ఆవిడకి అక్కడే చెప్పేశాను. ఆమె లేచి పులిహోర కలిపి డబ్బాలో పెట్టింది.

ఆ డబ్బా మా రెండిళ్ళ మధ్యా తిరుగుతూ ఉంటుంది. ఏ రోజూ ఖాళీగా తిరిగి రాలేదు. దాన్నీ రికార్డునీ తీసుకుని మధ్యాహ్నమే వెళ్ళాను. అంతా చెప్పాను, ఒళ్ళు జలదరించిందన్న అబద్ధంతో సహా. రమణ కూర్చుని ఆ వంకర అంచుని వేలితో నిమిరాడు. తిట్టలేదు. పర్వాలేదనీ అనలేదు. ప్లేయర్ తెమ్మని గానీ, వద్దని గానీ అనలేదు. లేచి లోపలికి వెళ్ళి, డబ్బా కడిగి, తుడిచి, ఖాళీగా నా చేతికిచ్చాడు.

న్యాయమే. కారు మలుపు తిరిగినప్పుడల్లా ఖాళీ డబ్బా పక్క సీట్లో దొర్లి చప్పుడు చేస్తోంది. నేను మాత్రం ఇల్లు చేరేదాకా గొంతెత్తి ఆ నాదస్వరం పాడుతూనే ఉన్నాను, దాని వంకరలతో సహా.